ఇంకొకర్తె

రాజులమ్మ పాతచీర అంచును పళ్ళతో కొరికి, చప్పుడు కాకుండా మెల్లగా చింపింది. జానెడు వెడల్పున నాలుగు పీలికలు వచ్చాయి. మూడింటిని మడిచి సంచి అడుగున, మాత్రల డబ్బా కింద పెట్టింది. నాలుగోది తీసుకుని ఇంటి వెనక దడిచాటుకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మొగుడు సోమన్న పొయ్యి రాజేసి చోడి అంబలి వెచ్చబెడుతున్నాడు. అతను ఏమీ అడగలేదు. ఆమె చెప్పలేదు. దుక్కుల రోజుల నుంచీ ఇదే వరస.

"ఈవేళ తొమ్మిదా?" అన్నాడు, పొయ్యిలోకి చూస్తూనే.

"తొమ్మిదే."

"సలి ఎక్కువుంది. నా దుప్పటి కప్పుకెల్లు."

ఆమె దుప్పటి భుజాల మీద వేసుకుని, అంబలి నిలబడే తాగింది. కూర్చుంటే లేవడం కష్టమవుతోంది ఈమధ్య. ఎడమ తొడలో నుంచి ఏదో నరం మోకాలిదాకా లాగుతుంది.

పొట్టి మనిషి. నలభై ఆరేళ్ళుంటాయి. ఒకప్పుడు గుండ్రంగా ఉండే ముఖం ఈ ఏడు బాగా లోపలికి పోయి, దవడ ఎముకలు బయటికి వచ్చాయి. ముక్కుకి రెండువైపులా పుడకలు. చేతి మీద పచ్చబొట్టు సాగి, దాని ఆకారం పోయింది. అనంతగిరి మండలంలో రోడ్డుకు మూడు మైళ్ళ పైన ఉన్న జీలుగుపుట్టుకి ఆమె పదహారేళ్ళుగా ఆశా కార్యకర్త. ముప్పై ఎనిమిది గడపల్లో ఎవరికి నెల తప్పినా ముందు ఆమెకే తెలుస్తుంది. నెలనెలా తొమ్మిదో తారీకున లోయలోని ఆసుపత్రికి కింది నుంచి ఆడవాళ్ళ డాక్టరు వస్తుంది. ఆ ఒక్కరోజే. మిగతా రోజుల్లో ఆ గదికి తాళం ఉంటుంది. తలుపు మీద ఒకప్పటి డాక్టరు పేరు అలాగే ఉంది. ఆయన వెళ్ళి నాలుగేళ్ళయింది.

చిన్నమ్మి అప్పటికే చింతతోపు దగ్గర నిలబడి ఉంది. ఇరవయ్యేళ్ళ పిల్ల. ఎనిమిదో నెల. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టక వాటిని చేత్తో పట్టుకుంది. మొగుడు బుధు విశాఖపట్నంలో స్లాబు పనికి పోయాడు. ఇంట్లో అత్త ఒక్కతే ఉంది. కాఫీ పండు కోతకొచ్చిన రోజుల్లో కోడల్ని ఆసుపత్రికి పంపడం అత్తకి ఇష్టం లేదు. రాజులమ్మ వరసగా మూడు రోజులు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని ఒప్పించింది.

"తల నొప్పెడతందా?" అడిగింది రాజులమ్మ, వాళ్ళ ఆదివాసీ ఒడియాలో.

"రాత్రి నుంచి. కళ్ళ ముందర మిణుగురుల్లాగ తిరుగుతున్నాయి పిన్నీ."

రాజులమ్మ ఆ మాటని మనసులో పెట్టుకుంది. తలనొప్పి, రాత్రి నుంచి, కళ్ళ ముందు మెరుపులు. దాన్ని తెలుగులోకి మార్చి అలాగే దాచింది. ఆమె పని అదే. సర్కారు ఆమెకి చెప్పిన పనులు వేరే చాలా ఉన్నాయి గానీ, ఆమె తనదనుకున్న పని ఇదొక్కటే.

ఇద్దరూ కొండ దిగారు. మంచు ఇంకా విడలేదు. సిల్వర్ ఓకు చెట్ల కింద కాఫీ మొక్కలు తడిసి నల్లగా ఉన్నాయి, వాటి మీద ఎర్రటి పండు. రెండు మలుపులకొకసారి చిన్నమ్మి ఆగేది. ఆమె ఆగినప్పుడల్లా రాజులమ్మ కూడా ఆగి, పక్కకి తిరిగి, నడుం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కుకునేది. చిన్నమ్మి కోసమే ఆగుతున్నట్టుండేది చూసేవాళ్ళకి. ఈ నెల ఎవరూ తోడు లేకపోతే ఎలా దిగేదాన్నో అనుకుంది ఒక మలుపులో.

రోడ్డు మీద డ్రైవరు సోంబరు జీపు ఉంది. అప్పటికే పదకొండు మంది ఎక్కారు. సోంబరు ముందు సీటులో ఉన్న ఇద్దరు మగవాళ్ళని దింపి వెనక వేలాడమన్నాడు. తొమ్మిదో తారీకున ముందు సీటు రాజులమ్మ వాళ్ళది. అది ఎవరూ రాసుకోకపోయినా అందరికీ తెలుసు. బొర్రా గుహలు చూడ్డానికి వచ్చిన కార్లు పాటలు పెట్టుకుని వాళ్ళని దాటిపోతున్నాయి. గతుకు వచ్చినప్పుడల్లా రాజులమ్మ కమ్మీ పట్టుకుని సీటు మీద నుంచి అంగుళం పైకి లేచేది.

*

ఆమె ఏడో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో చదివింది. పెళ్ళయి జీలుగుపుట్టు వచ్చేనాటికి ఆ ఊళ్ళో ఆడవాళ్ళలో తెలుగు వచ్చింది ఆమెకొక్కర్తికే. అది ఏం పనికొస్తుందో ఆమెకి తెలియదు అప్పట్లో. సంతలో బేరం చెయ్యడానికి పనికొచ్చేది, అంతే.

పంతొమ్మిదో ఏట నొప్పులు వచ్చాయి. రెండు పగళ్ళు ఇంట్లోనే ఉంచారు. మూడోరోజు దుప్పటి కర్రకి కట్టి మోసుకుపోయి, రోడ్డు మీద లారీ ఆపి, కింద మైదానంలో ఒక ఆసుపత్రికి చేర్చారు. అప్పటికి ఆమెకి స్పృహ వస్తూ పోతూ ఉంది. తెల్లకోటు వేసుకున్న ఆవిడ అత్తని అడుగుతున్న మాట ఆమెకి వినబడింది. "నీళ్ళు ఎప్పుడు పోయాయి? ఉమ్మనీరు ఎప్పుడు పోయిందమ్మా?" అత్తకి ఆ మాట అర్థం కాలేదు. దాహం అనుకుంది కాబోలు, వద్దని చెయ్యి ఊపింది. ఆవిడ మళ్ళీ అడిగింది. అత్త మళ్ళీ చెయ్యి ఊపింది. రాజులమ్మకి ఆ ప్రశ్న తెలుసు, జవాబూ తెలుసు. నిన్న పొద్దున, కోడి కూయక ముందు. చెబుదామని నోరు తెరిచింది, నాలుక కదల్లేదు.

మగబిడ్డ. చచ్చి పుట్టాడు. ఆ తరవాత ఆమెకి కడుపు నిలవలేదు.

ఆ మరుసటి ఏడు నుంచి, ఎవరు ఆసుపత్రికి బయల్దేరినా రాజులమ్మ వెంట పోయేది. ఆశా ఉద్యోగం చాలా ఏళ్ళ తరవాత వచ్చింది. కొన్నిసార్లు డాక్టరు ఉండేది. ఎక్కువసార్లు ఉండేది కాదు. సెలవు, మీటింగు, బదిలీ. అప్పుడు ఎస్.కోట పొమ్మనేవారు. అక్కడి నుంచి విజయనగరం. ఆమె అన్ని చోట్లకీ పోయింది. జీపులో కాన్పు చేసింది, రైల్వే గేటు దగ్గర చేసింది. ముగ్గురు తల్లులు ఆమె చేతుల్లోనే పోయారు. వాళ్ళ పేర్లు ఎవరితోనూ అనదు.

*

డాక్టరు ఉమామహేశ్వరి పది దాటాక వచ్చింది. యాభై దగ్గర వయసు, జుట్టు సగం నెరిసింది, మోకాళ్ళ నొప్పులవల్ల మెట్లు పక్కవాటంగా ఎక్కుతుంది. విజయనగరం నుంచి తెల్లవారుజామున బయల్దేరి, సాయంత్రం నాలుగింటికి తిరిగి వెళ్ళాలి. వరండాలో డెబ్భైమంది దాకా ఉన్నారు. నేల మీద, మెట్ల మీద, చెట్టు కింద. చాలామంది వేరే ఊళ్ళవాళ్ళు. వాళ్ళ ఆశాలు బయట లైను చూసుకుంటున్నారు.

"రాజులమ్మా, వచ్చావా. లోపలికి రా," అంది డాక్టరు, కోటు తొడుక్కుంటూ.

అలా మొదలయ్యేది. ఏ ఊరి ఆడది వచ్చినా, తెలుగు రాకపోతే రాజులమ్మ బల్ల పక్కన నిలబడి చెప్పాలి. ఒడియాలో చెప్పేవాళ్ళూ, కొండవాళ్ళ కువి భాషలో చెప్పేవాళ్ళూ. ఆమెకి రెండూ వచ్చు. సిగ్గుతో గొణిగేదాన్ని వంగి విని, నిటారుగా నిలబడి, ఎత్తూ పల్లం లేని గొంతుతో తెలుగులో చెప్పేది.

"ఆరు నెలలు. బిడ్డ కదులుతంది. ఉచ్చ పోసినప్పుడు మంట."

"మూడు కాన్పులు. ఇది నాలుగోది. మొన్న జారిపడింది. కడుపు గట్టిగా అవుతంది, మళ్ళా వదులుతంది."

"దీనికి కడుపు నేదు మేడమ్. పెళ్ళయి ఆరేళ్ళు. మొగుడు ఇంకోదాన్ని తెత్తానంటన్నాడు. ఆ మాట సెప్పొద్దంది గానీ, మీకు తెలవాల కదా అని సెప్పినాను."

డాక్టరు చెప్పినవి మళ్ళీ వాళ్ళ భాషలోకి మార్చేటప్పుడు రాజులమ్మ కొంచెం మెత్త చేసేది. 'ప్రమాదం' అన్నదాన్ని 'జాగర్త' చేసేది. ఎక్కడ మెత్త చెయ్యకూడదో కూడా ఆమెకి తెలుసు.

చిన్నమ్మి వంతు పన్నెండింటికి వచ్చింది. నర్సు చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. ఒకసారి చూసి, నమ్మకం కలగనట్టు ఇంకోసారి కొట్టింది. నూట అరవై మీద నూట పది. రాజులమ్మ అడక్కుండానే చెప్పింది. "రాత్రి నుంచి తలనొప్పి. కళ్ళ ముందర మెరుపులు. కాళ్ళు వారం నుంచి ఉబ్బినాయి. ముందటి బిడ్డ ఏడో నెలలో పోయింది మేడమ్. అప్పుడూ ఇలాగే ఉబ్బింది."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "ఈ పిల్ల ఇంటికి వెళ్ళకూడదు. ఇప్పుడే సూది మందు మొదలుపెట్టి, నాతో పాటు బండిలో విజయనగరం తీసుకుపోతాను. ఫిట్స్ వచ్చాయంటే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. ఇది మాత్రం మెత్తగా చెప్పకు."

రాజులమ్మ చెప్పింది. చిన్నమ్మి తల అడ్డంగా ఊపింది. అత్త తిడుతుంది, కోతలున్నాయి, బుధుకి తెలియదు, బట్టలు తేలేదు, ఆ ఊళ్ళో ఎవరూ తెలియదు. ఒకదాని తరవాత ఒకటి చెప్పుకుపోతూ ఏడవడం మొదలుపెట్టింది. రాజులమ్మ ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కూర్చోవడంలో నొప్పి నడుంలోంచి తలదాకా పోయింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, తెరిచి, చిన్నమ్మి రెండు పాదాలూ తన చేతుల్లోకి తీసుకుంది.

"నాకొక గుంటడు పుట్టినాడు తెల్సా నీకు?" అంది వాళ్ళ భాషలో.

చిన్నమ్మి ఏడుపు ఆపి చూసింది. ఆ సంగతి ఊళ్ళో ఆ వయసువాళ్ళెవరికీ తెలియదు.

"నల్లగా, జుట్టు ఒత్తుగా ఉన్నాడట. నేను సూడనేదు. మా అత్తే కప్పెట్టి వచ్చింది. మేము డాక్టరు దగ్గరికి ఎల్లేసరికి ఒక రోజు ఆలీసమయింది. నువ్వు ఈవేళే ఉన్నావు. డాక్టరూ ఈవేళే ఉంది. మీ అత్తతోటి నేను మాట్లాడతాను."

చిన్నమ్మి కొంగుతో ముఖం తుడుచుకుంది. తరవాత చెయ్యి చాపింది, సూదికి.

*

మూడున్నరకి వరండా ఖాళీ అయింది. నర్సు చిన్నమ్మిని బండి ఎక్కించడానికి వెళ్ళింది. డాక్టరు కోటు విప్పి కుర్చీ వీపుకి వేసి, సీసాలో నీళ్ళు తాగుతోంది. రాజులమ్మ దుప్పటి తీసి కప్పుకుంది. సంచి తీసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"మేడమ్, ఇంకొకర్తి ఉంది."

"ఎక్కడ? బయట ఉందా?"

"రానేదు."

"ఏమిటట?" డాక్టరు గడియారం చూసుకుంది.

రాజులమ్మ పొద్దుటి నుంచీ అందరికోసం వాడిన గొంతుతోనే చెప్పింది. "నలభై ఆరేళ్ళు. బయట సేరడం ఆగి రెండేళ్ళయిపోయింది. ఈ ఏడు దుక్కులప్పటి నుంచి మళ్ళా ఎరుపు అవుతంది. ముందు చుక్కలు చుక్కలుగా అయ్యేది. ఇప్పుడు రోజూ. వాసన వత్తంది. నడుం నొప్పి. ఎడం కాలు లాగుతంది."

డాక్టరు సీసా మూత పెట్టింది. "కాన్పులు?"

"ఒకటి. బిడ్డ దక్కనేదు."

"భర్తతో కలిసినప్పుడు రక్తం వస్తుందా?"

ఈ ప్రశ్నని రాజులమ్మ ఎంతమంది ఆడవాళ్ళని అడిగిందో లెక్కలేదు. తడబడకుండా అడిగేది. వాళ్ళు తల వంచుకుంటే గడ్డం పట్టి ఎత్తి మరీ అడిగేది. ఇప్పుడు ఆమె చూపు నేల మీదికి పోయింది.

"ఆమె ఏటి సెప్పిందంటే..." అని ఆగిపోయింది.

డాక్టరు ఆమెని చూసింది. దవడలని, చేతి గోళ్ళ తెలుపుని, నిలబడడానికి గుమ్మం చెక్క పట్టుకున్న తీరుని చూసింది. రెండేళ్ళుగా నెలకొకసారి పక్కన నిలబెట్టుకున్న మనిషి. లేచి వెళ్ళి తలుపు గడియ వేసింది.

"ఆ బల్ల మీద పడుకో రాజులమ్మా."

అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తరవాత డాక్టరు చాలాసేపు చేతులు కడుక్కుంది. కుళాయి కట్టేశాక కూడా సింకు దగ్గరే నిలబడింది.

"ఎందుకు చెప్పలేదు నాకు? ప్రతి నెలా ఇక్కడే ఉన్నావు కదా."

రాజులమ్మ చీర సర్దుకుంటూ ఆలోచించింది. "వచ్చినప్పుడల్లా ఎవరో ఒకర్ని తెత్తాను మేడమ్. ఆళ్ళందరిదీ అయ్యేసరికి మీకు బండి టైమయిపోద్ది. వచ్చే నెల సెప్పుకుందాం అనుకునేదాన్ని."

డాక్టరు కుర్చీలో కూర్చుని విశాఖపట్నం పెద్దాసుపత్రికి ఉత్తరం రాసింది. "ఈ వారంలోనే వెళ్ళాలి. అక్కడ నాకు తెలిసినావిడ ఉంది, ఫోను చేస్తాను. ముక్క తీసి పరీక్షకి పంపుతారు. తరవాత కరెంటు పెడతారు, రేడియేషన్. దాంతో రక్తం ఆగుతుంది. నొప్పి తగ్గుతుంది."

రాజులమ్మ విన్నది. డాక్టరు నయమవుతుంది అనలేదు. నొప్పి తగ్గుతుంది అంది. ఈ రెండిటికీ ఉన్న తేడా ఆమెకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ తేడాని ఆమె ఎందరికో మెత్తగా చేసి చెప్పింది.

"అలాగే మేడమ్," అంది. "చిన్నమ్మికి ఒడియా తప్ప ఏటీ రాదు. నీళ్ళు కావాలన్నా అడగనేదు. అక్కడ ఎవరైనా ఒడియా తెలిసినోళ్ళుంటే..."

"ఉన్నారు. మా వార్డులో ఊడ్చే అమ్మాయి ఉంది. నేను చూసుకుంటాను."

రాజులమ్మ బయటికి వచ్చి బండి కిటికీ దగ్గర నిలబడింది. చిన్నమ్మి ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. రాజులమ్మ భుజాల మీది దుప్పటి తీసి కిటికీలోంచి లోపలికి ఇచ్చింది.

*

సోంబరు జీపు దిగి కొండెక్కేటప్పుడు, ఆ సంగతిని సోమన్నకి ఎలా చెప్పాలా అని ఆలోచించింది. డాక్టరు మాటలు తెలుగులో గుర్తున్నాయి. తమ భాషలోకి మార్చబోతే మాట దొరకలేదు. తమ భాషలో పుండు ఉంది, కురుపు ఉంది, అమ్మవారు ఉంది. దీనికి ఏ మాటా లేదు. మూడు చోట్ల రాయి మీద కూర్చుంది. వలిసెచేను మీద ఎండ ఇంకా పచ్చగా ఉంది.

ముందు చిన్నమ్మి అత్త దగ్గరికి వెళ్ళింది. ఆవిడ అరిచింది, తిట్టింది. చివరికి కోడలి బట్టలు మూట కట్టి ఇచ్చింది, రేపెవరైనా పోతే పంపమని. అప్పుడు రాజులమ్మ ఇంటికి వచ్చింది.

సోమన్న గుమ్మంలో కూర్చుని కాఫీ పండు ఏరుతున్నాడు. "దుప్పటేది?" అన్నాడు.

"సిన్నమ్మికి ఇచ్చినాను."

పక్కన కూర్చుంది. తను కూడా రెండు పిడికిళ్ళు తీసుకుని ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి, "కడుపులో పుండు పడ్డాదట. పట్నం ఎల్లాలట," అంది.

సోమన్న చేతులు ఆగాయి. "ఎవులికి?"

ఆమె ఏరుతూనే ఉంది. అతను అటు తిరిగి ఆమెని చూశాడు. తరవాత దడి వైపు చూశాడు, దడి మీద ఆరేసిన పీలికల వైపు.

"నాకు తెలిసినాది," అన్నాడు మెల్లగా. "అడగడానికి భయమేసి అడగనేదు."

"నీకేటి తెల్సు."

"ఏటో ఒకటి తెలిసినాది."

ఇద్దరూ పండు ఏరడం అయ్యేదాకా అక్కడే కూర్చున్నారు.

*

చిన్నమ్మికి ఆపరేషను చేసి ఆడపిల్లని తీశారు. తూకం తక్కువ, కానీ బతికింది. రాజులమ్మ ఆ పిల్లని చూసింది, పట్నంలో ఇరవై అయిదు రోజులు కరెంటు పెట్టించుకుని, ఒళ్ళు చిక్కి, ఇంటికి వచ్చాకే. రక్తం ఆగింది. ఒక నెల బాగానే ఉంది. తరవాత అన్నం సయించడం మానేసింది, మూత్రం తగ్గింది.

మాఘం పోయాక ఆమె కొండ దిగలేదు. ఆ నెల తొమ్మిదిన ముగ్గురు వెళ్ళారు, వాళ్ళంతట వాళ్ళు. సాయంత్రం తిరిగి వచ్చి ఆమె మంచం చుట్టూ కూర్చున్నారు. డాక్టరు ఏదో అడిగిందని, వాళ్ళకి తెలియలేదని, నవ్వారు కొంచెం. రాజులమ్మ నవ్వలేదు. మర్నాడు ఐరన్ మాత్రలు వచ్చిన అట్టపెట్టెని సోమన్న చేత విప్పించి, వెడల్పాటి పక్కని కత్తిరించమంది. నీలం పెన్ను ఒకటి తెమ్మంది.

మంచం మీద పక్కకి పడుకునే బొమ్మలు వేసింది. ఆమెకి బొమ్మలు రావు. కడుపుతో ఉన్న ఆడది అంటే సున్నా మీద సున్నా. తల మీద చెయ్యి పెట్టుకున్న మనిషి. ఉబ్బిన పాదం. ఉచ్చకి కూర్చున్న ఆడది, కింద మంట. కడుపులో బిడ్డ, కదలడం లేదని పక్కన అడ్డగీత. కుండలోంచి కారుతున్న నీళ్ళు, పక్కన కోడి, సూర్యుడు, చంద్రుడు, ఎప్పుడు పోయాయో చూపించడానికి. చుక్కలు, కిందికి పడుతున్నవి. ప్రతి బొమ్మ పక్కనా, డాక్టరు చదువుకోవడానికి, తెలుగులో గుండ్రటి బడి అక్షరాలు. ఎనిమిది రోజులు పట్టింది. రోజుకి ఒకటో రెండో వేసి పడుకునేది. చిన్నమ్మి బిడ్డని ఒళ్ళో వేసుకుని పక్కన కూర్చుని, ఏ బొమ్మ ఏమిటో ఒప్పచెప్పేది.

చైత్రంలో వచ్చే ఇటుకల పండగకి ముందు, మామిడి పిందె ముదురుతున్న రోజుల్లో, ఒక పొద్దున సోమన్న ఊట నుంచి నీళ్ళు తెచ్చేసరికి ఆమె గోడ వైపు తిరిగి ఉంది. లేపుదామని భుజం మీద చెయ్యి వేశాడు. నీళ్ళబిందె దింపడం మరిచిపోయి అలాగే చాలాసేపు నిలబడ్డాడు.

ఆ నెల తొమ్మిదిన చిన్నమ్మి, పిల్లని వీపుకి కట్టుకుని, నలుగురు ఆడవాళ్ళని తీసుకుని దిగింది. డాక్టరు ఉమామహేశ్వరి ఆ అట్టని రెండు చేతులతో పట్టుకుని పై నుంచి కిందిదాకా చదివింది. తరవాత తనే మేకు కొట్టించి బల్ల పక్కన గోడకి తగిలించింది, కూర్చున్న మనిషి చెయ్యి అందేంత ఎత్తులో.

ఇప్పుడు ఆ డాక్టరు రాదు. వేరే ఆవిడ వస్తోంది, రెండు నెలలకోసారి. అట్ట అక్కడే ఉంది. అంచులు వంగాయి, కోడి బొమ్మ మీద సూది మందు మరక పడింది. అన్నిటికంటే ఎక్కువ వేళ్ళు తగిలింది చుక్కల బొమ్మకే. అక్కడ నీలంసిరా అలుక్కుపోయి, అట్ట పై పొర లేచి, మెత్తగా నూగులాగా అయింది.